మత్తడి దుంకే వేళ, పాకాల

నర్సంపేట దాటి తూర్పుకు సాగితే పత్తిచేలు, మక్కచేలు పలచబడి, టేకాకుల వెడల్పాటి పచ్చదనం దారికి రెండు పక్కలా కమ్ముకొస్తుంది. ఆ చిక్కని నీడ ఒక్కసారిగా విచ్చుకుని కళ్లెదుట నీళ్లు పరుచుకుంటాయి. పాకాల! సుమారు 30 చదరపు కిలోమీటర్ల నీలం. వానకాలంలో ఆ నీలానికి నిలకడ లేదు. తెల్లవారితే పాలవన్నె, పొద్దెక్కితే నెమలికంఠం, మబ్బు పడితే కాటుక. ఇప్ప, మోదుగ, నల్లమద్ది కప్పుకున్న గుట్టలు నీటి అంచుదాకా దిగివచ్చి తమ నీడల్లో తామే మునిగి ఉంటాయి. మోడుబారిన కొమ్మ మీద నీటికాకి నల్లని రెక్కలు బార్లా చాచి ఎండకు ఆరబెట్టుకుంటుంది. లకుముకిపిట్ట రివ్వున నీటిలోకి రాలి, వెండిచేపతో లేస్తుంది.

ఇంత అందం సృష్టికర్త పనే అనిపిస్తుంది. కానీ కాకతీయ గణపతిదేవుడి ఏలుబడిలో, 13వ శతాబ్దంలో, జగదాల ముమ్మడి గుట్టల నడుమ కట్ట పోయించి పారే నీటిని ఆపాడు. ఎనిమిది వందల ఏళ్లలో వేళ్లు రాళ్లను పెనవేసుకుని, మనిషి కట్టిందేదో అడవి పెంచిందేదో తెలియకుండా పోయింది. మరో చెరువు లక్నవరంలో మరీ చిత్రం. నీళ్లు నిండేసరికి గుట్టలే దీవులయ్యాయి! దీవుల అందానికి మధ్యధరా సముద్రందాకా పోవాలా? అదే కాకతీయుల నాటి పాలంపేట రామప్ప గుడికి 2021లో యునెస్కో గుర్తింపు దక్కింది. నన్నడిగితే, పక్కనున్న చెరువుతో కలిపితేనే ఆ శిల్పం పూర్తవుతుంది.

పాకాల నిండి మత్తడి దుంకితే ఆ హోరు దూరానికి వినిపిస్తుంది. తెల్లని నురగ ఎగసిపడుతుంటే చేపలు ప్రవాహానికి ఎదురెక్కుతాయి. ఇక్కడి నీరే మున్నేరై, ఖమ్మం మీదుగా కృష్ణను చేరుతుంది.

కట్ట దిగువన ఆయకట్టు. లేతపచ్చని వరి మధ్య నిటారుగా నల్లని తాళ్లు. వాటి మట్టల కొసన గాలికి ఊగే గడ్డి బుర్రలు గిజిగాడి గూళ్లు! పసుపు తలపాగా చుట్టినట్టున్న మగపిట్ట, పచ్చని ఆకును సన్నని పేలికగా చీల్చి తెచ్చి, ముక్కుతోనే ముడివేసి, పోగులోకి పోగు దూర్చి నేస్తుంది. నైరుతి గాలి తగలకుండా తరచూ చెట్టుకు తూర్పువైపునే ఎంచుకుంటుంది. సగం గూడయ్యాక రెక్కలల్లారుస్తూ ఆడపిట్టను పిలుస్తుంది. ఆమె వచ్చి, లోపలికి తొంగిచూసి, నచ్చకపోతే ఎగిరిపోతుంది. ఆ సగం గూడు అలాగే వేలాడుతుంది. లోపలి గోడకు మగపిట్ట తడిమట్టి అద్దుతుంది. ఆ మట్టిలో మిణుగురులను గుచ్చి దీపాలు పెట్టుకుంటుందని పల్లెల్లో ముచ్చట. నిజం కాదు గానీ, ఆ ఇల్లు చూశాక దీపం పెట్టాలనే అనిపిస్తుంది.

మోకు భుజాన వేసుకుని తాడెక్కే గౌడన్న ఆ గూళ్ల పక్కనుంచే లొట్టి దించుకుంటాడు. పిట్ట బెదరదు. దాని బెదురంతా వరి ఈనాకే. పాలుపోసుకున్న గింజల మీద పసుపు గుంపు వాలగానే మంచె మీది రైతు కేకపెట్టి వడిసెల తిప్పుతాడు. గుంపంతా గోల చేస్తూ లేచి, పక్క మడిలో వాలుతుంది.