సెకండ్ బీజీఎం దగ్గర మాట్లాడకండి

పాటలో మొదటి చరణం అయిపోయి రెండోది అందుకునే లోపు గాయకుడు ఆగుతాడు, వాద్యాలు మాట్లాడతాయి. దాన్ని మేం సెకండ్ బీజీఎం అంటాం. చాలామందికి అది కుర్చీలోంచి లేవడానికి, పక్కవాళ్లను పలకరించడానికి దొరికే సందు. ఇళయరాజా అభిమానుల ఇళ్లలో మాత్రం సరిగ్గా అప్పుడే అందరూ నోళ్లు మూసుకోవాలి. మా ఇంట్లో ఇప్పటికీ అదే పద్ధతి.

మాది హైదరాబాద్‌లోని ఏ.ఎస్. రావు నగర్. ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్‌ను నిలబెట్టిన అయ్యగారి సాంబశివరావు గారి పేరు మీద వెలసిన, ఆ సంస్థ ఉద్యోగులతో నిండిన కాలనీ. 1967లో పుట్టిన ఈసీఐఎల్‌ టీవీలు చేసింది, కంప్యూటర్లు చేసింది, తర్వాత ఓటింగ్ యంత్రాలూ చేసింది. కాబట్టి మా వీధిలో రేడియో చెడిపోతే షాపుకు మోసుకెళ్లే అవసరం ఉండేది కాదు. ఏదో ఒక ఇంట్లో సోల్డరింగ్ ఐరన్ వేడిగానే ఉండేది. మా నాన్నా అక్కడే పనిచేశారు. ఆంప్లిఫయర్ సొంతంగా బిగించి, చెక్కపెట్టెల్లో పెద్ద స్పీకర్లు అమర్చారు. 1989లో ఇళయరాజా 'గీతాంజలి' క్యాసెట్ ఇంటికొచ్చిన రోజు వాటి ముందు కూర్చోబెట్టి, "బాలు గొంతు వినకు తల్లీ, కింద బేస్ గిటార్ ఒక్కటే పట్టుకో" అన్నారు.

పట్టుకున్నాను. ఆ తర్వాత ఏ పాటనూ పాత పద్ధతిలో వినలేకపోయాను. అప్పటిదాకా బేస్ అంటే తాళంతో పాటు కొట్టే దుమ్ దుమ్ శబ్దమనుకునేదాన్ని. ఇక్కడ అది తాళం దగ్గర కట్టుబడి లేదు. గాయకుడు ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం, అదే మా బాలు గారు, స్వరం మీద నిలబడితే అది కిందనుంచి ఎక్కి వస్తోంది, ఆయన పైకి వెళితే అది దిగిపోతోంది. ఒకేసారి రెండు బాణీలు, రెండూ వేటికవే నిండుగా ఉంటూ ఒకదానికొకటి అడ్డం రాకుండా నడవడం! పాశ్చాత్య సంగీతంలో బాఖ్ దీన్ని శిఖరానికి తీసుకెళ్లాడు, దీన్నే కౌంటర్‌పాయింట్ అంటారు. పన్నైపురం అనే తమిళ పల్లెలో 1943లో పుట్టి, అన్నగారి వెంట కచేరీలు తిరిగి, మద్రాసులో ధనరాజ్ మాస్టారి దగ్గర నేర్చుకుని, లండన్ ట్రినిటీ కాలేజీ వారి క్లాసికల్ గిటార్ పరీక్షలో బంగారు పతకం అందుకున్న ఇళయరాజా ఆ విద్యను మన సినిమా పాట అడుగున పరిచాడు. రాక్ బ్యాండ్ ఎలా ఉంటుందో చూడని మాలాంటి ఆడపిల్లలకు డ్రమ్స్, బేస్, లీడ్ గిటార్ కలిస్తే ఒంట్లో ఏం జరుగుతుందో తెలిసింది ఆయన వల్లే.

అక్కడినుంచి పిచ్చి ముదిరింది. టేపు వెనక్కి తిప్పీ తిప్పీ ఒక్క బిట్టే వినడం, రీలు చిక్కుకుంటే పెన్సిలు దూర్చి సరిచేయడం, పాటల జాబితా కాగితం మీద రాసి రికార్డింగ్ షాపులో ఇచ్చి రావడం. ఎదురింటి తమిళ మామి దగ్గర 'మౌనరాగం' క్యాసెట్ అరువు తెచ్చుకుని, మాటలు అర్థం కాకుండానే కంఠతా పట్టడం. క్యాసెట్ అట్ట మీద సంగీత దర్శకుడి పేరు, గాయకుల పేర్లు, కవి పేరు ఉండేవి. వాయించిన చేతుల పేర్లు ఉండేవి కావు. అవి చాలా ఏళ్ల తర్వాత తెలిశాయి. బేస్ శశిధరన్, లీడ్ గిటార్ సదానందం, డ్రమ్స్ పురుషోత్తమన్, కీబోర్డ్ విజీ మాన్యుయెల్, వేణువు నెపోలియన్, వయొలిన్ వి.ఎస్. నరసింహన్. రాజా గారు అన్ని వాద్యాలకూ స్వరాలు తనే కాగితం మీద రాసి ఇచ్చేవారు, వాళ్లు చూసి వాయించేవారు. పేర్లు తెలిశాక నా భక్తి ఒక్కరి దగ్గర ఆగలేదు. ఆ గదిలో ఉన్న అందరికీ పాకింది. నాకు జరిగిన మంచి అదే.

ఇలాంటి పిచ్చి సినిమాతోనో మైకుతోనో పుట్టింది కాదు. 1840లలో యూరప్‌లో పియానో విద్వాంసుడు లిస్ట్ కచేరీలకు జనం ఊగిపోతుంటే, జర్మన్ కవి హైనే ఆ జ్వరానికి 'లిస్టోమానియా' అని పేరు పెట్టాడు. 2002లో బీబీసీ వరల్డ్ సర్వీస్ డెబ్బయ్యేళ్ల సందర్భంగా ప్రపంచ శ్రోతల ఓట్లతో ఇష్టమైన పాటల జాబితా చేస్తే, రాజా గారి 'దళపతి' తమిళ పాట ఒకటి నాలుగో స్థానంలో నిలిచింది. అది అభిమానుల బలం. మరి ఒంటి మీద రోమాలు లేవడం మాటేమిటి? మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో వాలొరీ సాలింపూర్, రాబర్ట్ జటోరే బృందం 2011లో ప్రచురించిన పరిశోధన దానికి జవాబు చెబుతుంది. ఇష్టమైన సంగీతం వింటున్నప్పుడు మెదడులో డోపమైన్ విడుదలవుతుంది. పాట పతాకస్థాయికి చేరినప్పుడే కాదు, అది రాబోతోందని ఎదురుచూసే క్షణాల్లోనూ విడుదలవుతుంది. తెలిసిన బిట్టు కోసం ఊపిరి బిగబట్టి కూర్చోవడంలో సగం ఆనందం ఉందన్నమాట. టేపు వెనక్కి తిప్పిన ప్రతివాళ్లకూ ఇది అనుభవమే.

అయితే ఎదురుచూపు పాట మీదినుంచి మనిషి మీదికి మళ్లితే ప్రమాదం. మనం కళాకారుణ్ని ఎరుగుదుం, అతను మనల్ని ఎరగడు. అయినా బంధుత్వం ఉన్నట్టే తోస్తుంది. హార్టన్, వోల్ అనే ఇద్దరు పరిశోధకులు 1956లోనే ఈ ఒకవైపు స్నేహం గురించి రాశారు. చాలామందిలో ఇది హాని చేయదు. కానీ 1980 డిసెంబరు 8న న్యూయార్క్‌లో గాయకుడు జాన్ లెనన్‌ని కాల్చి చంపినవాడు అదే రోజు ఆయన చేత ఆల్బమ్ మీద సంతకం పెట్టించుకున్నవాడే. అంత దూరం పోనక్కర్లేదు, మన దగ్గరా గుండెలు కోసుకున్న రోజులున్నాయి. 2017 మార్చిలో అమెరికా పర్యటనలో ఉన్న బాలు గారికి, అనుమతి లేకుండా తన పాటలు పాడొద్దని రాజా గారి తరఫున లాయరు నోటీసు వెళ్లింది. 1976లో తొలి సినిమా 'అన్నక్కిళి' రాకముందు బాలు గారి ట్రూపులో వాయించిన మనిషి రాజా గారు! అభిమానులు రెండుగా చీలిపోయి ఒకరినొకరు తిట్టుకున్నారు. నా స్నేహితురాలు ఒకామె రాజా క్యాసెట్లన్నీ అటక మీద పడేసింది. నేను పడేయలేదు. హక్కుల సంగతి న్యాయస్థానాలు తేలుస్తాయి, శశిధరన్ వాయించిన బేస్ ఏ నోటీసూ ఇవ్వలేదు. 2019 జూన్ 2న చెన్నైలో ఇద్దరూ ఒకే వేదిక ఎక్కారు. మరుసటి ఏడాది సెప్టెంబరు 25న బాలు గారు వెళ్లిపోయారు. ఆ తిట్లన్నీ ఎవరి కోసం తిట్టుకున్నట్టు?

2025 మార్చి 8న, ఎనభై ఒక్కేళ్ల వయసులో, రాజా గారు లండన్‌లో తన సింఫనీ 'వాలియంట్'ను వినిపించారు. సింఫనీలో సినిమా లేదు, కథానాయకుడు లేడు, చరణాలు లేవు. ఇన్నాళ్లూ మేం మాటలాపి విన్న ఆ వాద్యాలే మొత్తం రచన అయ్యాయి. ఆ వార్త చదివి మా అభిమానుల గుంపు పొంగిపోయింది.

ఆదివారం పొద్దున ఎవరో ఒకరింట్లో, కాప్రాలోనో సైనిక్‌పురిలోనో, నలుగురం చేరి ఒకే పాటను చాలాసార్లు వింటాం. వచ్చే వారం 'శివ' నేపథ్య సంగీతం, సైకిల్ చైన్ లాగే చోటునుంచి మొదలుపెడతాం. విన్నవాటికి ఒక నోట్‌బుక్ ఉంది. పాట పేరు పక్కన వాయించినవారి పేర్లు రాస్తాం. మద్రాసు ఆర్కెస్ట్రాల్లో పనిచేసిన తెలుగువాళ్లు మీ ఇంట్లోనో మీ వీధిలోనో ఉంటే, ఏ సినిమాకు ఏ వాద్యం వాయించారో అడిగి, వాళ్లు చెప్పింది తేదీతో సహా రాసిపెట్టండి.