ఆవిరి చెర నుంచి బయటపడ్డ కాఫీ

ఇటలీలోని టూరిన్ నగరంలో 1884లో పెద్ద పారిశ్రామిక ప్రదర్శన జరిగింది. హోటలూ బారూ నడుపుకునే ఆంజెలో మొరియోండో అనే వ్యాపారి అక్కడ ఆవిరితో పనిచేసే కాఫీ యంత్రాన్ని నిలబెట్టాడు. దానికి కంచు పతకం వచ్చింది, పేటెంటు కూడా దక్కింది. అప్పటి కాఫీ దుకాణాల్లో డికాక్షన్ నెమ్మదిగా దిగేది, వచ్చినవాళ్ళు కాచుకుని కూర్చోవాలి. మొరియోండో ఆవిరి బలంతో వేడినీటిని పొడి గుండా తోయించాడు. ఒక్క దెబ్బకు చాలామందికి సరిపడా డికాక్షన్ దిగిపోయేది. ఆయన మాత్రం ఆ యంత్రాలను తన దుకాణాలకే చేయించుకున్నాడు తప్ప అమ్మకానికి పెట్టలేదు. అందుకే చాలాకాలం ఆయన పేరు ఎవరికీ గుర్తులేదు.

1901లో మిలాన్‌కు చెందిన లూయీజీ బెజ్జేరా ఇంకో మెట్టు ఎక్కాడు. అందరికీ కలిపి కాయడం మానేసి, అడిగినవాళ్ళకు అడిగినప్పుడు ఒక్కో కప్పు తీసే ఏర్పాటు చేశాడు. పిడి ఉన్న చిన్న గిన్నెలో పొడి వేసి, అదిమి, యంత్రం తలకు బిగించడం అప్పుడే మొదలైంది. ఇవాళ ఏ ఎస్ప్రెస్సో యంత్రం చూసినా ఆ గిన్నే కనిపిస్తుంది. బెజ్జేరా హక్కులను కొన్న దెసిదేరియో పావోనీ 1905 నుంచి వాటిని అమ్మకానికి తయారు చేయించాడు. 1906 మిలాన్ ప్రదర్శనలో జనం ఆ నిలువెత్తు ఇత్తడి బాయిలర్లను చూశారు, వాటి కాఫీ తాగారు.

కప్పు త్వరగా చేతికొచ్చింది కానీ రుచి కుదరలేదు. కారణం భౌతికశాస్త్రంలో ఉంది. మూసిన పాత్రలో నీరు మరిగితే ఒత్తిడి పుడుతుంది, ఎంత వేడికి ఎంత ఒత్తిడి అన్నది మన ఇష్టం మీద ఆధారపడదు. వంటింటి ప్రెషర్ కుక్కర్ విజిల్ వేసే వేళకు లోపల సుమారు 120 డిగ్రీల సెల్సియస్ వేడి, బయటి గాలి కంటే ఒక బారు (ఒత్తిడిని కొలిచే ప్రమాణం) అదనపు ఒత్తిడి ఉంటాయి. పావోనీ బాయిలర్‌ పరిస్థితీ ఇంచుమించు అదే, ఒకటిన్నర బార్లు దాటేది కాదు. కాఫీ పొడికి కావలసింది 90 నుంచి 96 డిగ్రీల నీరు. అంతకుమించితే మాడు వాసన, చేదు. పోనీ, ఆవిరితోనే 9 బార్లు తెద్దామంటే నీటిని 180 డిగ్రీలకు కాచాలి. ఆ వేడి తగిలిన పొడిలో తాగదగ్గది ఏదీ మిగలదు. ఒత్తిడి పెంచితే వేడీ పెరుగుతుంది, వేడి తగ్గిస్తే ఒత్తిడీ పోతుంది. నలభై ఏళ్ళకు పైగా కాఫీ ఈ చిక్కులోనే ఉండిపోయింది.

ఈ ముడి విప్పినవాడు మిలాన్‌లో కాఫీ బారు నడిపే అకీల్లే గాజ్జా. 1938లో ఆయన మొదటి పేటెంటుకు దరఖాస్తు చేశాడు. తర్వాత యుద్ధం వచ్చింది. అది ముగిశాక 1947లో స్ప్రింగుతో పనిచేసే లీవరు యంత్రం తయారైంది. లీవరును కిందికి లాగితే పిస్టన్ పైకి లేస్తుంది, స్ప్రింగు ముడుచుకుంటుంది, పిస్టన్ కింది ఖాళీలోకి బాయిలర్ నుంచి కొద్దిపాటి నీరు వచ్చి చేరుతుంది. ఆ నీరు యంత్రం తలలోని బరువైన లోహానికి కొంత వేడినిచ్చి తాను తగినంత చల్లబడుతుంది. లీవరు వదలగానే స్ప్రింగు సాగి, పిస్టన్‌ను దించి, నీటిని 8, 9 బార్ల ఒత్తిడితో పొడిలోకి నెడుతుంది. వేడినిచ్చే పని బాయిలర్‌ది, ఒత్తిడి తెచ్చే పని స్ప్రింగుది. ఎస్ప్రెస్సో చరిత్రలో ఇంతకంటే పెద్ద ఘట్టం లేదని నా నమ్మకం.

కప్పు మీద తేనెరంగు నురగ కనిపించింది కూడా అప్పుడే. వేయించిన గింజలో చిక్కుకుని ఉన్న కార్బన్ డయాక్సైడ్ ఆ ఒత్తిడికి నీటిలో కరుగుతుంది. గిన్నె దాటి బయటి గాలిలోకి రాగానే సన్నని బుడగలుగా విడిపోతుంది. కాఫీలోని మాంసకృత్తులు, వేయించినప్పుడు పుట్టిన గోధుమరంగు పదార్థాలు ఆ బుడగలు చిట్లకుండా కాసేపు పట్టి ఉంచుతాయి. అలాంటి కాఫీ ఎరగని గిరాకీలు మొదట అనుమానంగానే చూశారు. గాజ్జా ఆ నురగనే ముందుపెట్టి ప్రచారం చేసుకున్నాడు. చివరికి అదే ఎస్ప్రెస్సోకు గుర్తయింది.

1961లో ఫయేమా కంపెనీ అధిపతి ఎర్నెస్తో వాలెంతే లీవరునూ తీసేశాడు. ఆ యంత్రం పేరు ఇ61. ఆ ఏడాది ఫిబ్రవరి 15న ఇటలీలో కనబడ్డ సంపూర్ణ సూర్యగ్రహణం జ్ఞాపకంగా పెట్టిన పేరది. అందులో కరెంటు పంపు నీటిని 9 బార్లతో తోస్తుంది. కాఫీకి వెళ్ళే నీరు బాయిలర్‌లో నిల్వ ఉన్నది కాదు. ఆవిరి నిండిన బాయిలర్ మధ్యగా పోయే గొట్టంలో పారుతూ పారుతూ వేడెక్కే తాజా నీరు. ఈ పద్ధతితో ఒకే యంత్రంలో కాఫీకి తక్కువ వేడి, పాలకు ఎక్కువ వేడి రెండూ అందాయి.

పాల సంగతి వేరే చెప్పుకోవాలి, చిన్న యంత్రాల తంటా అంతా అక్కడే మొదలవుతుంది. పాలు నురగెత్తడానికి ఆవిరి కావాలి. మన పెళ్ళిళ్ళలో భోజనాల పందిరి పక్కన బుస్సుమంటూ గ్లాసులో ఆవిరి చిమ్మే యంత్రాన్ని అందరం ఎక్స్‌ప్రెస్సో అంటాం. అందులో ఉండేది ఈ ఆవిరి సగమే. ఇన్‌స్టంట్ పొడి, పాలు, పంచదార వేసిన గ్లాసులోకి ఆవిరి గొట్టం దూరుతుంది, అంతే. పొడిని ఒత్తిడితో పిండే మిగతా సగం అక్కడ లేదు. ఆ కాఫీకి తనదైన ఆనందం ఉంది, నాకూ ఇష్టమే. కానీ దుకాణంలో ఇంటి యంత్రం కొనబోయేవాళ్ళు తమకు ఏ సగం ముఖ్యమో ముందే తేల్చుకోవాలి.

ఇంటి గట్టు మీద పట్టేంత చిన్న యంత్రం కోసం ఇటలీ కంపెనీలు 1950ల నుంచే ప్రయత్నించాయి. వాటిలో లా పావోనీ వారి యూరోపికోలా ఇప్పటికీ తయారవుతోంది. నిలువు బాయిలర్, దాని నెత్తిన చేత్తో నొక్కే లీవరు, అంతకుమించి పెద్దగా ఏమీ లేదు. స్ప్రింగు కూడా ఉండదు, ఒత్తిడి మన చేతిదే. చూడముచ్చటైన వస్తువు. అయితే మొదటి కప్పు బాగుంటుంది, రెండోది ఫరవాలేదు, వరసగా మూడోది తీసేసరికి తల భాగం కాలిపోయి కాఫీ చేదెక్కుతుంది. వేడిగా ఉన్నప్పుడు బాయిలర్ మూత తీయడం ప్రమాదం కూడా. పిల్లలు తిరిగే వంటింట్లో నేనైతే దాన్ని పెట్టమని చెప్పను.

ఇంటి యంత్రాలు చౌకవడానికి అసలు కారణం కంపించే పంపు. తీగచుట్ట మధ్యలో చిన్న ఇనుప పిస్టన్, దానికో స్ప్రింగు. మన కరెంటు సెకనుకు 50 సార్లు ఊగిసలాడుతుంది, పిస్టన్ కూడా అన్ని సార్లు కొట్టుకుంటుంది. యంత్రం మీట నొక్కగానే వినిపించే గుర్రుమనే చప్పుడు దానిదే. అరచేతిలో పట్టే ఈ పంపుతో 1977లో గాజ్జా బేబీ, 1991లో గాజ్జా క్లాసిక్, 1997లో రాంచీలియో సిల్వియా వచ్చాయి. ఇంట్లో మంచి ఎస్ప్రెస్సో నేర్చుకున్న ఒక తరం వీటి మీదే చేయి తిప్పుకుంది.

ఈ పంపు పేరుతోనే ఇప్పుడు డబ్బాల మీద ‘15 బార్లు’ అని పెద్ద అక్షరాల్లో వేస్తున్నారు, కొన్నిటి మీద 20. ఆ అంకె చూసి కొనకండి. నీరు కదలకుండా పూర్తిగా అడ్డుపడినప్పుడు పంపు చేరగల గరిష్ఠం అది. కాఫీకి 9 చాలు, అంతకంటే ఎక్కువైతే పొడి గట్టిపడి నీరు ఏదో ఒక పగులు వెతుక్కుని జారిపోతుంది. మంచి యంత్రంలో అదనపు ఒత్తిడిని వెనక్కి మళ్ళించే వాల్వు ఉంటుంది. అడగాల్సింది దాని గురించి. నిజానికి పంపు ఒక్కటే ఒత్తిడి పుట్టించలేదు, దానికి ఎదురునిలిచే పొడి ఉంటేనే ఒత్తిడి. చౌక యంత్రాల్లో పొడి నాసిరకమైనా పనిజరగాలని గిన్నెకు రెండు అడుగులు పెట్టి, కింది అడుగుకు ఒకే ఒక్క సన్నని రంధ్రం ఉంచుతారు. ఆ రంధ్రం అడ్డుకుని ఒత్తిడి తెస్తుంది, నురగ కూడా వస్తుంది. కళ్ళకు బాగుంటుంది కానీ నాలుకకు ఆ తేడా తెలిసిపోతుంది. మామూలు గిన్నె కూడా దొరికే యంత్రమైతేనే తీసుకోవాలి.

ఇక అసలు ప్రశ్న: ఈ చిన్న పెట్టె రెండు రకాల వేడిని ఎలా సంభాళిస్తుంది? ఒకే బాయిలర్ ఉన్న యంత్రంలో రెండు థర్మోస్టాట్లు ఉంటాయి. ఒకటి కాఫీకి 95 డిగ్రీల చుట్టుపక్కల ఆపుతుంది, స్విచ్ నొక్కితే రెండోది ఆవిరి కోసం 120 దాటిస్తుంది. పాలు కాచాక మళ్ళీ కాఫీ తీయాలంటే వేడినీరు వదిలి చల్లార్చాలి. ఇంటికి నలుగురు చుట్టాలొస్తే నాలుగు డికాక్షన్లూ ముందే తీసి, పాలు చివర్లో నురగెత్తించడం తేలిక. పైగా పాత తరహా థర్మోస్టాట్ తన పరిధిలో ఎన్నో డిగ్రీలు అటూ ఇటూ ఊగుతుంది. అందుకే చాలామంది సిల్వియా యజమానులు సొంతంగా ఎలక్ట్రానిక్ నియంత్రణ బిగించుకున్నారు. ఇప్పుడు ఎన్నో చిన్న యంత్రాల్లో అది ముందే ఉంటోంది. నన్నడిగితే అదనపు డబ్బు పెట్టదగ్గ సదుపాయం ఇదే.

రెండో రకంలో బాయిలరే ఉండదు. థర్మోబ్లాక్ అనే వేడి లోహపు దిమ్మలో సన్నని దారి ఉంటుంది, నీరు అందులో పారుతూనే కాగుతుంది. కొద్ది సెకన్లలో యంత్రం సిద్ధం. పొద్దున్నే ఆఫీసుకు పరుగెత్తేవాళ్ళకు, ఇరుకు వంటింటికి ఇది హాయి. కానీ లోపలి దిమ్మ వేడెక్కినంత మాత్రాన బయటి గిన్నె, కప్పు వేడెక్కవు. పొడి లేకుండా ఒకసారి వేడినీరు వదిలి గిన్నెను కాచుకుంటే మొదటి కప్పు పుల్లగా రాదు. ఇ61 తరహా బరువైన ఇంటి యంత్రమైతే అరగంట ముందే స్విచ్ వేయాలి.

ఆవిరి ఎంత జోరుగా వస్తుందో వాట్లు చెబుతాయి. ఫ్రిజ్‌లోని 150 గ్రాముల పాలను 60 డిగ్రీలకు తేవడానికి దాదాపు 14 గ్రాముల నీరు ఆవిరై పాలలో కలవాలి. అంత నీటిని ఆవిరి చేయడానికి 1400 వాట్ల హీటరుకు 20 సెకన్లకు పైనే పడుతుంది. బాయిలర్‌లో ముందే ఆవిరి నిల్వ ఉంటే వేగంగా వస్తుంది, లేకపోతే ఇంతే. కొంటున్న యంత్రం వాట్లు చూసి 230తో భాగించండి. 1500 వాట్లంటే ఆరున్నర ఆంపియర్లు, అంటే చిన్న సాకెట్టు చాలదు, గీజరుకు పెట్టే 16 ఆంపియర్ల సాకెట్టు వంటింట్లో ఉండాలి. అమెరికా నుంచి పిల్లలు మోసుకొచ్చే 120 వోల్టుల యంత్రాన్ని నేరుగా మన సాకెట్టులో పెడితే హీటరు మీద మూడున్నర రెట్లకు మించి శక్తి పడి కాలిపోతుంది. బరువైన ట్రాన్స్‌ఫార్మరు పెట్టినా, అక్కడి సెకనుకు 60 ఊపులకు తగ్గట్టు చేసిన పంపు ఇక్కడ 50కి లయ తప్పుతుంది. ఇక్కడే కొనుక్కోవడం మేలు.

నీటి విషయంలో హైదరాబాదు బోరునీళ్ళు వాడేవాళ్ళు మరింత జాగ్రత్తగా ఉండాలి. గిన్నెల అడుగున తెల్లగా పేరుకునే సున్నపు పొరే యంత్రం సన్నని దారుల్లోనూ పేరుకుంటుంది, కొన్ని నెలల్లో పూడ్చేస్తుంది. అలాగని ఖనిజాలన్నీ తీసేసిన ఆర్‌ఓ నీరు పోసినా కాఫీ చప్పగా ఉంటుంది, కొన్ని బాయిలర్ల లోహానికీ మంచిది కాదు. కొద్దిగా ఖనిజాలున్న మెత్తని నీరు వాడి, యంత్రంతో వచ్చిన పుస్తకంలో చెప్పిన మందుతో చెప్పిన వ్యవధికి పొర తీసుకోవాలి.

బడ్జెట్టంతా యంత్రానికే పెట్టేసి, పొడి మాత్రం కిరాణా కొట్టులో కొంటే డబ్బు వృథా. 18 గ్రాముల పొడి గుండా 36 గ్రాముల కాఫీ 25, 30 సెకన్లలో దిగాలంటే నలుసు పరిమాణం కచ్చితంగా కుదరాలి. ఫిల్టరు కోసం మరపట్టిన పొడిలో నీరు ఒత్తిడికి నిలవకుండా జారిపోతుంది. చికోరీ కలిస్తే కాఫీ గింజల రుచే దాగిపోతుంది. మంచి చేతి గ్రైండరు ఒకటి, ఈమధ్య వేయించిన గింజలు కొన్ని ముందుగా సమకూర్చుకోండి. మన్యం గిరిజన రైతులు పండించే అరకు అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు దక్కింది. నడిపాకంగా వేయించిన ఆ గింజలతో ఎస్ప్రెస్సో చక్కగా వస్తుంది.

మన ఇళ్ళలో చాలామందికి నేను చెప్పేది కరెంటే అవసరంలేని చిన్న లీవరు యంత్రం. ఫ్లెయిర్, క్యాఫెలాట్ రోబో లాంటివి. 58 మిల్లీమీటర్ల పిస్టన్ మీద 9 బార్లంటే దాదాపు 240 కిలోల బలం, యంత్రానికి పొడుగాటి లీవర్లుండటం వల్ల మనిషి నొక్కుడుకు అది సాధ్యమవుతుంది. కెటిల్‌లో కాగిన నీరు పోసి, నొక్కితే సరి. పంపు లేదు, థర్మోస్టాట్ లేదు, సున్నం పట్టే గొట్టాల్లేవు. వేడి పొయ్యిది, ఒత్తిడి చేతిది. ఆవిరి గొట్టం లేదంటారా, మనం రోజూ పాలు పొయ్యి మీదే కాస్తున్నాం. చిక్కని డికాక్షన్ కప్పులో పడ్డాక, మరిగిన పాలు గ్లాసులో ఎత్తి పోస్తే నురగ ఎలాగూ వస్తుంది.