ఒకే రిమోట్ కావాలంటే

సంత్రాగాఛిలో ఒక తెలుగు రైల్వే కుటుంబాన్ని ఊహించుకుందాం. టీవీకి, సెట్‌టాప్ బాక్సుకు, హోం థియేటరుకు వేర్వేరు రిమోట్లు. చూపు సరిగా ఆనని మామ్మగారు శబ్దం తగ్గించబోయి చానల్ మార్చేస్తారు. చాందినీ మార్కెట్‌కు వెళ్లి ఏ రిమోట్ కొనాలి?

ముందు రిమోట్ చేసే పని చూద్దాం. దాని కొనన ఉన్న ఎల్‌ఈడీ, కంటికి కనబడని పరారుణ కాంతిని సాధారణంగా సెకనుకు 38 వేల సార్లు మినుకుమనిపిస్తుంది. ఆ మినుకుల గుంపుల్లోనే ఆజ్ఞ ఇమిడి ఉంటుంది. అయితే ఫిలిప్స్ ఆర్‌సీ-5 పద్ధతిలో ఈ వేగం 36 వేలు, సోనీ పద్ధతిలో 40 వేలు. సంకేతాల వరుస కూడా వేరే. అంటే యూనివర్సల్ రిమోట్‌కు అనేక భాషలు రావాలన్నమాట.

కోడ్‌ల పట్టికతో వచ్చే రిమోట్లు చవక. కాని మీ యాంప్లిఫయర్ ఆ పట్టికలో లేకపోతే డబ్బు దండగ. రెండో రకం ‘నేర్చుకునే’ రిమోట్. పాతదాన్నీ దీన్నీ ఎదురెదురుగా పెట్టి ఒక్కొక్క మీటా నొక్కితే, సంకేతాన్ని గుర్తుపెట్టుకుంటుంది. పేరున్న కంపెనీది కాని హోం థియేటరుకు ఇదే మేలు. పాత రిమోట్ బాగున్నప్పుడే నేర్పించాలి. మనమేమో అది పాడయ్యాకే దుకాణానికి పరుగెడతాం! బ్లూటూత్ రిమోట్ల దగ్గర మాత్రం ఈ కిటుకు పనిచేయదు, అవి వాడేది కాంతి కాదు, రేడియో తరంగాలు.

ఖరీదైనదే మన్నుతుందనీ అనుకోకండి. పేరుమోసిన హార్మొనీ రిమోట్ల తయారీని లాజిటెక్ 2021లో ఆపేసింది. మామ్మగారికైతే పెద్ద మీటలున్నది చూడండి.