ఇద్దరి వాటా కలిపితే 130 శాతం!

"ఈ ఇంట్లో పనంతా నేనే చేస్తున్నాను!"

ఓ ఆదివారం రాత్రి ఈ మాట నేనూ, మా ఆవిడా దాదాపు ఒకేసారి అన్నాం. తర్వాత రెండు రోజులు మా ఇద్దరి మధ్యా మాటల్లేవు.

మాది విజయనగరం. ప్రేమించి పెళ్లి చేసుకున్నాం, మూడేళ్లయింది. తనకి శ్రీకాకుళంలో ఉద్యోగం. పొద్దున్నే రైలెక్కి, ఆమదాలవలస దగ్గర శ్రీకాకుళం రోడ్డు స్టేషన్‌లో దిగి, అక్కణ్నుంచి ఆటోలో టౌన్‌కి వెళ్తుంది. నాది ఊళ్లోనే ఉద్యోగం. గిన్నెలు తోముతాను, కూరగాయలు తెస్తాను, మోటార్ వేస్తాను. మా ఫ్రెండ్స్‌లో నా అంత మంచి మొగుడు లేడని నా గట్టి నమ్మకం!

మూడో రోజు రాజీకొచ్చాం. 'ఇంటి పనిలో నా వాటా ఎంత' అన్నది ఒకరిది ఒకరు చూడకుండా ఫోన్‌లో రాయాలి. నేను 60 అని రాశాను. తను 70 అంది. కలిపితే 130! ఇద్దరికీ నవ్వొచ్చేసింది.

ఆ 30 ఎక్కడిది?

1979లో మైఖేల్ రాస్, ఫియోర్ సికోలీ అనే పరిశోధకులు కెనడాలో పెళ్లయిన జంటల్ని ఇలాగే అడిగారు. చాలా జంటల్లో ఇద్దరూ చెప్పుకున్న వాటాలు కలిపితే అసలు కంటే ఎక్కువే వచ్చాయి. అబద్ధాలాడి కాదు. మనం చేసిన పని మనకి ఇట్టే గుర్తొస్తుంది. అవతలివాళ్లు చేసింది చాలాసార్లు మన కంటపడదు.

'హమ్మయ్య, ఇద్దరిదీ తప్పే' అనుకున్నాను. తను ఒప్పుకోలేదు. "శాతాలొద్దు, పనులు రాద్దాం" అంది.

తన లిస్టు చూసి నోట మాట రాలేదు. గ్యాస్ ఎప్పుడు బుక్ చెయ్యాలి, అమ్మ బీపీ మాత్రలు ఎప్పటికి అయిపోతాయి, పెళ్లికి ఏం పట్టుకెళ్లాలి, రేపటి దోసెలకి పప్పు నానబెట్టారా... ఇవన్నీ వాటంతటవే జరిగిపోతున్నాయనుకున్నాను.

"కూరగాయలు నువ్వే తెస్తావు. ఏం తేవాలో వాట్సాప్‌లో పెట్టేదెవరు?" అంది. నా దగ్గర జవాబు లేదు.

పక్కనే ఉన్న అమ్మ నవ్వింది. "ఏట్రా, కొత్తగా సూత్తున్నావా? నాను ముప్పై ఏళ్లు ఇదే సేసినాను. ఎవులడిగినారు?"

ఆ మాట గుచ్చుకుంది. ఇది మా ఇంటి కథే కాదు. 2024 నాటి జాతీయ సర్వే ప్రకారం, ఇంటి పని చేసేవాళ్లలో ఆడవాళ్లు దానికి రోజుకు సగటున 289 నిమిషాలు పెడుతుంటే, మగవాళ్లు పెట్టేది 88 నిమిషాలే.

ఎక్కువ అందినా హాయి లేదు

1970ల్లో ఎలైన్ హాట్‌ఫీల్డ్, ఆమె తోటి సైకాలజిస్టులు చెప్పిందేంటంటే, బంధంలో తక్కువ అందినవాళ్లకి కోపమొస్తుంది, ఎక్కువ అందినవాళ్లకి లోపల గిల్టీగా ఉంటుంది. నాకదే అయ్యింది. తను వంటింట్లో తిరుగుతుంటే "కాసేపు కూర్చోవచ్చుగా" అని విసుక్కునేవాణ్ని. లేచి సాయం చేసేవాణ్ని కాదు.

మా ఊరి గురజాడ అప్పారావు 1910లోనే 'దిద్దుబాటు' కథ రాశారు. రాత్రుళ్లు ఆలస్యంగా ఇంటికొచ్చే గోపాలరావుకి, భార్య కమలిని పుట్టింటికి వెళ్లిపోయిందనుకున్నాకే ఆమె విలువ తెలిసొస్తుంది. అసలు ఆమె మంచం కిందే ఉంది! అంతదాకా రానివ్వడం ఎందుకు?

అలాగని రోజూ లెక్కలేసుకుంటే ప్రేమ కాస్తా వ్యాపారమైపోతుంది. అందుకే ఆ లిస్టులు తీసేశాం. ఇప్పుడు నెలకోసారి పెద్ద చెరువు గట్టుకి వెళ్తాం. అవతలివాళ్లు చేసినవి రెండు పనులు ముందు చెప్పాలి. తర్వాతే మన బరువు ఒకటి దించుకోవాలి. అమ్మ మాత్రలు, గ్యాస్ ఇప్పుడు నావే. చెయ్యడమే కాదు, గుర్తుపెట్టుకోవడం కూడా.

మొన్న మళ్లీ రాశాం. నేను 45, తను 60. ఇంకా ఐదు తేడా ఉంది. ఫర్వాలేదు, దానికి కొట్లాడుకోవడం లేదు.

మీరూ ఈ రాత్రి రాసి చూడండి. కాకపోతే మొదట మీ లిస్టు కాదు, అవతలివాళ్లది రాయండి. రాస్తూ రాస్తూ ఎక్కడో పెన్ను ఆగిపోతే, మీరు చూడాల్సింది అక్కడే ఉంది.