అనియత భావప్రసారం: ఉద్యోగుల మధ్య మాట నడిచే దారులు

1.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
• నియత, అనియత భావప్రసారాల మధ్య తేడాను వివరించగలుగుతారు.
• అనియత సమాచారం ప్రవహించే నాలుగు రకాల గొలుసులను గుర్తించగలుగుతారు.
• పుకారు ఎందుకు పుడుతుందో, నిర్వాహకులు దాన్ని ఎలా ఎదుర్కోవాలో చెప్పగలుగుతారు.

1.1 ప్రస్తావన

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి పట్టణాలు మూడింటిలోనూ ఆర్టీసీ డిపోలు ఉన్నాయి. డ్యూటీకి వచ్చిన డ్రైవరు, కండక్టరు ముందుగా చూసేది డ్యూటీ చార్టు. ఎవరు ఏ సర్వీసుకు వెళ్లాలో అందులో ఉంటుంది. ఇది సంస్థ ఇచ్చిన సమాచారం. చార్టు చూసుకొని టీ కొట్టు దగ్గర నిలబడ్డాక వినేది వేరు. ఏ బస్సుకు బ్రేకు సరిగా పడటం లేదు, ఏ వాగు దగ్గర రోడ్డు తెగింది, ఏ అధికారికి బదిలీ అవుతుందట - ఈ మాటలను ఎవరూ రాసి పెట్టలేదు, వాటి కింద ఎవరూ సంతకం చేయలేదు. అయినా బస్సు కదిలేలోగా అవి చాలామందికి చేరిపోతాయి.

సంస్థ నిర్ణయించిన హోదాల క్రమంలో, నిర్ణీత పద్ధతిలో సాగేది నియత భావప్రసారం. స్నేహం, బంధుత్వం, ఒకే ఊరు, ఒకే షిఫ్టు వంటి సంబంధాల ద్వారా సాగేది అనియత భావప్రసారం. మొదటిదానికి అధికారం ఆధారం. రెండోదానికి నమ్మకం ఆధారం.

1.2 భావన - నేపథ్యం

అమెరికాలో షికాగో సమీపాన ఉన్న హాథార్న్ కర్మాగారంలో 1924 నుంచి 1932 వరకు జరిగిన పరిశోధనలు ఈ అంశానికి పునాది వేశాయి. అక్కడ ఒక గదిలో పనిచేసే 14 మంది కార్మికులను పరిశీలించినప్పుడు, రోజుకు ఎంత పని చేయాలో వారు తమలో తామే ఒక హద్దు పెట్టుకున్నట్లు తేలింది. ఆ హద్దు దాటినవారిని తోటివారు ఎగతాళి చేసేవారు. యాజమాన్యం పెట్టిన నియమం కన్నా ఈ రాయని నియమమే బలంగా పనిచేసింది. 1938లో చెస్టర్ బర్నార్డ్ ప్రతి నియత సంస్థలోనూ ఒక అనియత సంస్థ ఉంటుందని, అది లేకుండా నియత సంస్థ సరిగా నడవలేదని వివరించాడు.

అనియత భావప్రసారాన్ని 'ద్రాక్షతీగ' అని కూడా అంటారు. అమెరికా అంతర్యుద్ధ కాలంలో టెలిగ్రాఫ్ తీగలను చెట్ల మీదుగా, ద్రాక్షతీగల మాదిరిగా లాగేవారని, వాటి ద్వారా వచ్చే వార్తలు తరచు తారుమారయ్యేవని, అందువల్ల ఈ పేరు వచ్చిందని చెబుతారు.

1.3 నాలుగు రకాల గొలుసులు

కీత్ డేవిస్ 1953లో ప్రచురించిన వ్యాసంలో ఈ సమాచారం నాలుగు విధాలుగా సాగుతుందని చూపాడు. ఒక డిపోలో కొత్త సర్వీసు వేస్తున్నారన్న మాట బయటికి వచ్చిందనుకోండి.

అ) ఏకసూత్ర గొలుసు: ఒకరు మరొకరికి, ఆ వ్యక్తి ఇంకొకరికి చెబుతారు. గొలుసు పొడవయ్యేకొద్దీ మాట మారే అవకాశం పెరుగుతుంది.
ఆ) కబుర్ల గొలుసు: ఒకే వ్యక్తి కనిపించిన ప్రతివారికీ చెబుతాడు.
ఇ) సంభావ్యతా గొలుసు: ఎవరు తారసపడితే వారికి, ఎంపిక లేకుండా చెబుతారు.
ఈ) గుత్తి గొలుసు: తనకు నమ్మకమైన కొద్దిమందిని ఎంచుకొని చెబుతారు. వారిలో కొందరే దాన్ని తమవారికి చేరవేస్తారు.

వీటిలో గుత్తి గొలుసే ఎక్కువగా కనిపిస్తుందని డేవిస్ అభిప్రాయం. దీన్నిబట్టి ఒక విషయం గమనించాలి. మాట విన్నవారందరూ దాన్ని మోయరు. మోసేవారు కొద్దిమందే. వారెవరో తెలిసిన నిర్వాహకుడికి తన సంస్థ సగం అర్థమైనట్లే.

1.4 ప్రయోజనం, పరిమితి: బొగ్గు గని ఉదాహరణ

భూపాలపల్లిలో సింగరేణి సంస్థకు చెందిన కాకతీయ ఖని గనులు ఉన్నాయి. గనిలో మైనింగ్ సర్దార్, ఓవర్‌మెన్ తమ పరిధిలోని పని స్థలాలను తనిఖీ చేసి, వివరాలను రిజిస్టరులో రాసి సంతకం చేయాలి. తరువాతి షిఫ్టువారికి అదే ఆధారం. ఇది నియత మార్గం. కానీ షిఫ్టు దిగేవారు, ఎక్కేవారు ఎదురుపడినప్పుడు జరిగే సంభాషణకూ విలువ ఉంది. 'అక్కడ పైకప్పు చప్పుడు చేస్తోంది, జాగ్రత్త అన్నా' అన్న ఒక్క మాట రిజిస్టరు తెరవకముందే చేరుతుంది. కొత్తగా చేరిన కార్మికుడు పనిలోని మెలకువలను నేర్చుకునేదీ ఎక్కువగా ఇలాంటి మాటల ద్వారానే.

అయితే ఆ హెచ్చరిక నోటిమాటగానే మిగిలిపోతే ప్రమాదం. విన్నవాడు జాగ్రత్తపడతాడు, విననివాడు అదే పైకప్పు కిందికి వెళతాడు. బాధ్యత ఎవరిదన్న ప్రశ్నకు జవాబు ఉండదు. కాబట్టి ప్రాణాలకు సంబంధించిన సమాచారం ఎక్కడ పుట్టినా చివరకు నియత మార్గంలోకి రావాలి.

1.5 పుకారు: 2019 ఆర్టీసీ సమ్మె పాఠం

ఆల్‌పోర్ట్, పోస్ట్‌మన్ అనే మనస్తత్వవేత్తలు 1947లో పుకారుకు ఒక సూత్రం చెప్పారు. విషయానికి ఉన్న ప్రాముఖ్యాన్ని, దాని చుట్టూ ఉన్న అస్పష్టతతో గుణిస్తే పుకారు తీవ్రత తెలుస్తుంది. ఇది కూడిక కాదు, గుణకారం. రెండింటిలో ఏది సున్నా అయినా పుకారు ఉండదు.

2019 అక్టోబరు 5న తెలంగాణ ఆర్టీసీ కార్మికులు సమ్మెకు దిగారు. సంస్థను ప్రభుత్వంలో విలీనం చేయాలన్నది వారి ప్రధాన డిమాండు. దాదాపు 48 వేల మంది బతుకుదెరువు ముడిపడిన సమ్మె అది. సెప్టెంబరు జీతం కూడా చేతికి రాలేదు. ఆ రోజుల్లో కొందరు కార్మికులు ప్రాణాలు కోల్పోయారు. నవంబరు 25న కార్మిక సంఘాల ఐక్య కార్యాచరణ సమితి సమ్మె విరమిస్తున్నట్లు ప్రకటించింది. కానీ యాజమాన్యం వారిని వెంటనే విధుల్లోకి తీసుకోలేదు. మరునాడు డిపోలకు వచ్చినవారు వెనుదిరగవలసి వచ్చింది. 28న ప్రభుత్వం అనుమతిస్తున్నట్లు ప్రకటించాక, 29న విధుల్లో చేరారు.

నవంబరు 25కు, 28కి మధ్య ఉన్న రోజులను పై సూత్రంతో పరిశీలించండి. ఉద్యోగం ఉందా లేదా అన్నదానికన్నా ముఖ్యమైన విషయం ఉద్యోగికి ఏముంటుంది? జవాబు మాత్రం ఎవరి దగ్గరా లేదు. ప్రాముఖ్యం, అస్పష్టత రెండూ గరిష్ఠ స్థాయిలో ఉన్న సమయమది. అటువంటప్పుడు మనిషి దొరికిన మాటనల్లా పట్టుకుంటాడు. అది అతని అవివేకం కాదు. సమాధానం లేని చోటును ఏదో ఒక మాటతో నింపుకోవలసిన అవసరం.

ఇప్పుడు వాట్సాప్ వల్ల జనగామలో పుట్టిన మాట నిమిషాల్లో భూపాలపల్లికి చేరుతుంది. అదీగాక నోటిమాట మరుగునపడుతుంది, ఫోనులోని సందేశం నిలిచి ఉంటుంది. తప్పని తేలిన తరువాత కూడా అది తిరుగుతూనే ఉంటుంది.

1.6 నిర్వాహకుల బాధ్యత

నేను పనిచేసిన ఒక కార్యాలయంలో తాత్కాలిక ఉద్యోగులను తొలగిస్తారన్న మాట పుట్టింది. అధికారి నాలుగు రోజులు మాట్లాడలేదు. పైగా ఆ మాట ఎవరు పుట్టించారో తేల్చమని విచారణ వేశారు. దానితో నమ్మనివారు కూడా నమ్మారు. నిజానికి అటువంటి ప్రతిపాదనే లేదు. ఆ సంగతి తెలిసేలోగా ఇద్దరు పని మానేసి వెళ్లిపోయారు. ఈ అనుభవం నుంచి కింది సూచనలు చేయవచ్చు.

• తెలిసినంతవరకు వెంటనే చెప్పాలి. నిర్ణయం కాకపోతే, ఎప్పటికి అవుతుందో చెప్పాలి.
• పుకారు మోసినవారిని వెతకడం కన్నా, అది ఏ భయం నుంచి పుట్టిందో వెతకాలి.
• తోటివారు నమ్మే ఉద్యోగులకు సరైన వివరాలు ముందుగా అందించాలి.
• వ్యక్తుల పరువుకు భంగం కలిగించే మాటలను మాత్రం ఉపేక్షించరాదు.

1.7 సారాంశం

అనియత భావప్రసారాన్ని ఉత్తర్వుతో ఆపలేం. అది వేగంగా సాగుతుంది, ఉద్యోగుల మనసులోని మాటను పైకి తెస్తుంది, కొత్తవారికి పని నేర్పుతుంది. దానికి జవాబుదారీతనం లేకపోవడమే లోపం. నియత మార్గం మౌనంగా ఉన్నచోట పుకారు మాట్లాడుతుంది. అందువల్ల పుకారుకు మందు సకాలంలో చెప్పిన నిజమే.

1.8 మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. గుత్తి గొలుసుకు, కబుర్ల గొలుసుకు తేడా ఏమిటి?
2. పుకారు సూత్రంలో గుణకారం ఎందుకు వాడారు?
3. మీరు పనిచేసే చోట లేదా మీకు తెలిసిన సంస్థలో ఇటీవల వ్యాపించిన ఒక మాటను తీసుకోండి. అది ఏ గొలుసులో సాగిందో, ఎవరు ఏమి చెప్పి ఉంటే అది ఆగేదో 20 పంక్తుల్లో రాయండి.