మొహం చెరిపేసిన బొమ్మ!

మీకు తెలుసా? ఒక్క బొమ్మ కోసం ఒకావిడ 80, 90 సార్లు కూర్చుంది! ఆవిడ అమెరికన్ రచయిత్రి గెర్‌ట్రూడ్ స్టైన్. వేసింది పాబ్లో పికాసో. పారిస్‌లో, 1905–06 చలికాలంలో. ఈ లెక్క స్టైన్ చెప్పిందే. పాస్‌పోర్టు ఫొటోకి రెండు నిమిషాలు కదలకుండా ఉండమంటేనే మనకు ముక్కు దురదపెడుతుంది!

మీకు తెలుసా? అప్పటికి పికాసోకి 24 ఏళ్లే. స్టైన్‌ కూర్చున్నది విరిగిన పెద్ద చేతుల కుర్చీలో. అతను కూర్చున్నది వంటింటి కుర్చీలో. బొమ్మలో ఆవిడ దర్జా చూస్తే ఆ కుర్చీ విరిగిందంటే నమ్మరు!

మీకు తెలుసా? ఆవిడకు విసుగు పుట్టకుండా పికాసో ప్రియురాలు ఫెర్నాండ్, ఫ్రెంచి కవి లా ఫోంతేన్ రాసిన నీతికథలు చదివి వినిపించేది. ఆ లా ఫోంతేన్ తన కథల్లో చాలావాటికి పిల్పే అనే భారతీయ పండితుడికి రుణపడ్డానని రాసుకున్నాడు. పిల్పే పేరుతో యూరప్ చేరినవి మన పంచతంత్రం కథలే! చూశారా, వాటిని చెప్పిన విష్ణుశర్మ ఎంత దూరం నడిచాడో!

ఇప్పుడు అసలు సంగతి. అన్నిసార్లు కూర్చోబెట్టి, చివరికి పికాసో ఏం చేశాడో తెలుసా? మొహం మొత్తం చెరిపేశాడు! నిన్ను చూస్తుంటే నువ్వు కనపడటం లేదన్నాడు. 1906 వేసవికి స్పెయిన్ కొండల్లోని గోసోల్ అనే పల్లెకు వెళ్లిపోయాడు. బొమ్మ తల లేకుండా మిగిలింది.

మరి మొహం ఎప్పుడు వేశాడు? తిరిగొచ్చాక, ఆవిడ ఎదురుగా లేకుండానే! ప్రాచీన ఐబీరియా రాతి శిల్పాల్లా, ముసుగు తొడిగినట్టున్న మొహం. బరువైన కనురెప్పలు. ఒక కన్నుకీ మరో కన్నుకీ పొంతన లేదు. ఒంటి తీరు వేరు, మొహం తీరు వేరు. అయినా అదే ఆ బొమ్మ ప్రాణం! పోలిక లేదన్నవాళ్లకు పికాసో జవాబు: ఆవిడే ఇలా తయారవుతుంది!

మీకు తెలుసా? తర్వాతెప్పుడో స్టైన్ జుట్టు పొట్టిగా కత్తిరించుకుంటే, మరి నా బొమ్మ సంగతేంటని పికాసో కంగారుపడ్డాడు!

1946లో స్టైన్ చనిపోయింది. వీలునామా ప్రకారం బొమ్మ న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియానికి చేరింది. ఆ మ్యూజియానికి దక్కిన తొలి పికాసో పెయింటింగ్ ఇదే. ఇంతకీ స్టైన్ దానికి ఎంతిచ్చిందో తెలుసా? ఒక్క ఫ్రాంకు కూడా ఇవ్వలేదు! ఆ రోజుల్లో అమ్మినా, ఊరికే ఇచ్చినా పెద్ద తేడా ఉండేది కాదట!