కల్తీ కల్లు — మెదడు

చెట్టు నుండి దించిన నీరా తియ్యగా నుండును. లొట్టికి అంటియున్న ఈస్టు కణములు అందలి చక్కెరను ఆల్కహాలుగా మార్చుటచే కొన్ని గంటలలో అది కల్లగును. ఇట్టి కల్లులో ఆల్కహాలు సుమారు 4 నుండి 6 శాతము మాత్రమే. మితముగా త్రాగువానికి ఒకటి రెండు దినములు ఇది దొరకకపోయినంత మాత్రమున ప్రాణము మీదికి రాదు.

కాని 2015 సెప్టెంబరులో తెలంగాణలోని నిజామాబాదు, మహబూబ్‌నగర్ జిల్లాలలో వేరొకటి జరిగినది. కల్తీ కల్లుపై ప్రభుత్వము దాడులు జరిపింపగా దుకాణములలో సరకు నిలిచిపోయినది. కొలది దినములలోనే ఆసుపత్రులు నిండసాగినవి. రోగులకు నిద్ర లేదు. కాలు సేతులు వణకుచుండెను. కొందరు ఎదుట లేనివారితో మాటలాడుచుండిరి. కొందరికి మూర్ఛలు వచ్చినవి. హైదరాబాదులోని ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయమునకును రోగులు వచ్చిరి. కల్లు లేక పిచ్చిపట్టినదని జనులనుకొనిరి. నిజమునకు వారిని పట్టినది కల్లు కాదు, కల్లులో కలిపిన నిద్రమందు.

ఈ మందులు మూడు. క్లోరల్ హైడ్రేటును 1832లో లీబిగ్ అను జర్మను రసాయనజ్ఞుడు తయారుచేసెను. 1869లో లీబ్రైఖ్ దానిని నిద్రమందుగా ప్రవేశపెట్టెను. డయాజెపామ్ 1963లోను, ఆల్‌ప్రజోలామ్ 1980 తరువాతను వైద్యుల చేతికి వచ్చినవి. చెట్లిచ్చు కల్లు చాలనిచోట నీటిలో వీనిని కలిపి, తీపికి శాకరిన్ చేర్చి అమ్ముదురు. మోకు కట్టి చెట్టెక్కు గీత కార్మికునికి దీనివలన వచ్చునది చెడ్డపేరు మాత్రమే.

మెదడులోని నాడీకణములు రసాయన పదార్థముల ద్వారా ఒకదానితో నొకటి మాటలాడుకొనును. గ్లూటమేట్ అనునది కణమును ఉత్తేజపరచును. గాబా అనునది శాంతింపజేయును. గాబా వచ్చి కణముపై నున్న గ్రాహకమునకు తగులగానే ఒక సన్నని ద్వారము తెరచుకొని క్లోరైడు అయానులు లోపల ప్రవేశించును, కణము నెమ్మదించును. ఆల్కహాలు, క్లోరల్ హైడ్రేటు, డయాజెపామ్, ఆల్‌ప్రజోలామ్ — ఇవి యన్నియు ఈ గ్రాహకము మీదనే పనిచేసి గాబా బలమును పెంచును.

ఎద్దుబండిని ఊహింపుడు. గ్లూటమేట్ ముల్లుకర్ర, గాబా పగ్గము. నెలల తరబడి ఎవరో పగ్గమును అదే పనిగా బిగించి లాగుచున్నచో, ఎద్దు దానికి ఎదురుగా మరింత బలముగా ముందునకు లాగుట నేర్చుకొనును. మెదడును అట్లే గాబా గ్రాహకముల చురుకు తగ్గించుకొని, గ్లూటమేట్ గ్రాహకముల బలము పెంచుకొనును. అందువలననే మొదట ఒక సీసా చాలినవానికి తరువాత రెండు కావలసి వచ్చును. ఒకనాడు పగ్గము తెగినది. ఇక బండి ఎట్లు పోవునో చెప్పనక్కరలేదు. వణకు, చెమట, మూర్ఛ, సన్నిపాతము — ఇవి యన్నియు పట్టుతప్పిన ఉత్తేజమే. ప్రాణమే పోవచ్చును.

ఈ సంగతి రుజువైన విధము అంత గర్వింపదగినది కాదు. అమెరికాలోని లెక్సింగ్‌టన్‌లో ఇస్బెల్ అను వైద్యుడును అతని సహచరులును 1950లో నిద్రమందులతోను, 1955లో ఆల్కహాలుతోను ఖైదీలపై ప్రయోగములు చేసిరి. వారాల తరబడి ఇచ్చి ఒక్కసారిగా ఆపగా మూర్ఛలు, మతిభ్రమలు కలిగినవి. మనోబలము లేకపోవుటచే వచ్చు బాధ కాదిది, శరీరధర్మమని దానితో తేలినది. నేడట్టి ప్రయోగమునకు ఎవ్వరును అనుమతి నీయరు.

వణకు ఒక భాగమైతే కోరిక మరియొక భాగము. 1954లో ఓల్డ్స్, మిల్నర్ అను శాస్త్రజ్ఞులు ఎలుక మెదడులో సన్నని తీగ నమర్చి, మీట నొక్కినచో విద్యుత్తు ప్రసరించునట్లు చేసిరి. కొన్ని చోట్ల తీగ ఉన్నప్పుడు ఎలుక మరల మరల మీట నొక్కుచునే యుండెను. ఈ మార్గములలో డోపమైన్ అను పదార్థము ముఖ్యము. అది సుఖమునకంటె సుఖసూచనకు ఎక్కువగా స్పందించును. మానిన మనిషి దుకాణపు సందు మలుపునకు రాగానే కాళ్లు అటు లాగుట ఇందువలననే.

ఇక చికిత్స. దీనిలో మొదటి సూత్రము వినుటకు వింతగా నుండును: మాన్పింపవలసిన జాతి మందునే వైద్యుడు ఇచ్చును. ఆల్‌ప్రజోలామ్ రక్తములో సగము తగ్గుటకు సుమారు 11 గంటలు పట్టును. డయాజెపామ్, దాని నుండి శరీరములో పుట్టు పదార్థము దినముల తరబడి నిలుచును. కావున తెలిసిన మోతాదులో డయాజెపామ్ ఇచ్చి, మెట్టుమెట్టుగా కొన్ని వారములలో తగ్గించుదురు. మెదడునకు సర్దుకొను వ్యవధి దొరకును. ఆల్కహాలు వలన థయామిన్ అను విటమిను లోపించియుండవచ్చును గనుక దానినికూడ ఇత్తురు. గ్లూకోజునకు ముందే ఇచ్చుట మంచిది. ఇంటిలో గదిలో పెట్టి తాళము వేయుట చికిత్స కాదు, ప్రమాదము.

ఆల్కహాలు వ్యసనమునకు కోరికను తగ్గించు నాల్ట్రెక్సోన్ వంటి మందులు కలవు. ఈ నిద్రమందుల విషయమున అట్టి మాత్ర లేదు. వైద్యుని సలహా, ఇంటివారి తోడ్పాటు, పాత దారులను తప్పించుకొనుట — ఇవే ఆధారము.

ఒక చిక్కు కలదు. ఏ సీసాలో ఎంత మందున్నదో దుకాణమునకు దుకాణమునకు భేదము. రోగితో వచ్చినవారు సిగ్గుపడక దినమునకు ఎన్ని సీసాలు, ఎంతకాలముగా, చివరిది ఎప్పుడు అనునవి చెప్పవలెను. మోతాదు కట్టుటకు వైద్యునికి రోగి లక్షణములు, ఈ సమాధానములు తప్ప వేరు కొలత తరచుగా ఉండదు. మందు పూర్తిగా ఆపిన తరువాతకూడ కొన్ని వారములు నిద్ర సరిగా పట్టకపోవచ్చును. అది రోగము తిరుగబెట్టుట కాదు. గ్రాహకములు యథాస్థితికి వచ్చుటకు పట్టు కాలము.